మనశ్శాంతి మీద వ్యాసమా? యుద్ధంలోంచి మొదలుపెట్టండి

యూపీఎస్సీకి చదివే ఒక తమ్ముడు "మనశ్శాంతి" మీద వ్యాసానికి ప్లాన్ వేసి చూపించాడు. ముందు నిర్వచనం, తర్వాత యోగా, చివర్లో సామెత. నేనూ ఒకప్పుడు మాక్ టెస్టులో ఇలాగే రాసి బోర్లాపడ్డాను లెండి.

మూడు గంటల్లో రెండు వ్యాసాలు రాయాలి కాబట్టి, ఒక్క మనిషిని గట్టిగా పట్టుకోండి. నేనైతే రోమ్ చక్రవర్తి మార్కస్ ఆరేలియస్‌ని పట్టుకుంటా. క్రీ.శ. 170ల్లో ఆయన డాన్యూబ్ సరిహద్దులో మార్కోమానీ, క్వాడీ తెగలతో యుద్ధంలో ఉన్నాడు. సామ్రాజ్యంలో మహమ్మారి. కన్నపిల్లల్లో చాలామంది పోయారు. ఆ రోజుల్లో తనకోసం గ్రీకులో రాసుకున్న నోట్సే 'మెడిటేషన్స్'. ఒకచోట కార్నంటం అనే సైనిక స్థావరం పేరు కూడా కనిపిస్తుంది.

జనం ప్రశాంతత కోసం కొండలకీ సముద్రానికీ పోతారు, నువ్వు నీలోకే వెళ్లొచ్చుగా అని తనకి తానే చెప్పుకుంటాడు. ఇలాంటి మాటలే మళ్ళీ మళ్ళీ రాసుకున్నాడు. అంటే శాంతి ఒకసారి దొరికి ఉండిపోయేది కాదన్నమాట. మీ వ్యాసానికి వెన్నెముక ఇదే.

ఇక ఎదురు ప్రశ్న వదలొద్దు. ఆయన యుద్ధాల గుర్తుగా రోమ్‌లో కట్టిన స్తంభం ఇప్పటికీ ఉంది. దాని మీద తగలబడుతున్న గుడిసెలు, బందీలైన ఆడవాళ్ళు చెక్కి ఉంటారు. చక్రవర్తి మనసు కుదుటపడితే వాళ్ళకేం ఒరిగింది? ఈ పేరా రాయడానికి టైమ్ మిగుల్చుకోండి.