పాత ఎమ్‌జీబీ కొనాలనుకునే వారికి

పైకప్పు మడిచి వెనక్కి పెట్టుకునే పాత స్పోర్ట్స్ కారు అంటే మనవాళ్లలో చాలామందికి మోజు. సంఘం పిక్నిక్కులకు నా 1972 నాటి ఎమ్‌జీబీలో వెళ్లినప్పుడల్లా అడిగే ప్రశ్నలు రెండే: "ఎంతకు కొన్నారు?", "మైలేజీ ఎంత ఇస్తుంది?" కొనదలచినవారు వీటికన్నా ముందు అడగవలసింది తుప్పు గురించి. ఈ కారులో ఇంజను పాడైతే డబ్బు పోతుంది, తుప్పు ముదిరితే ప్రాణానికే ముప్పు.

కారు సంగతి

ఎమ్‌జీబీ ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 వరకు తయారైంది. కప్పు ఉన్న జీటీ రకంతో కలిపి 5 లక్షలకు పైగా కార్లు చేశారు. ఇంజను 1798 సీసీ, బీఎంసీ వారి బి-సిరీస్. మన అంబాసిడర్‌లో చాలాకాలం నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజను కూడా ఈ కుటుంబానిదే. విడిభాగాలు సులువుగా దొరుకుతాయి. పాత అచ్చుల మీద కొత్త బాడీలు తయారుచేయడం కూడా 1988లో మొదలైంది.

తుప్పు ఎక్కడ చూడాలి?

మామూలు కారులో పైకప్పు కూడా బాడీకి బలాన్నిస్తుంది. కన్వర్టిబుల్‌కి ఆ ఆసరా లేదు. తలుపుల కింద ఇరువైపులా పొడవునా ఉండే ఉక్కు పెట్టెల మీదే భారమంతా పడుతుంది. ఇక్కడ వీటిని సిల్స్ అంటారు. శీతాకాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు, నీళ్లు వీటిలో చేరి లోపలినుంచి తినేస్తాయి. పైన పుట్టీ పెట్టి మెరిసే రంగు వేస్తే కంటికి ఏమీ కనబడదు.

నేను చూసే పద్ధతి ఇది. తలుపు మూసి, తలుపుకీ బాడీకీ మధ్య సందు చూస్తాను. తరువాత కారును జాకీ మీద ఎత్తి మళ్లీ చూస్తాను. సందు బిగిసినా, తలుపు తెరవడం కష్టమైనా సిల్స్ బలం పోయినట్లే. పుట్టీ పెట్టినచోట అయస్కాంతం సరిగా అంటుకోదు. మంచి సిల్స్ ఉన్న కారు కొన్నాక, వాటి అడుగున ఉన్న నీటి రంధ్రాలు పూడిపోకుండా చూసుకుని, లోపల తుప్పు పట్టనివ్వని మైనం కొట్టించండి.

ఇంటి దగ్గర చేసుకునే పనులు

ముందు చక్రాల కింగ్‌పిన్‌లకు ప్రతి 3,000 మైళ్లకు గ్రీజు పెట్టాలి. తక్కువ తిరిగినా ఏడాదికొకసారి తప్పదు. చక్రం గాలిలోకి లేచేలా కారును ఎత్తి, స్టాండ్ల మీద నిలిపి పెడితే గ్రీజు అంతటా పాకుతుంది. జాకీని మాత్రమే నమ్మి కిందకి దూరవద్దు.

జంట ఎస్‌యూ కార్బ్యురేటర్ల పైన ఉన్న మూతలు విప్పి నూనె మట్టం చూడండి. అది తగ్గితే యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజను తడబడుతుంది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక రెండేళ్లకోసారి మార్చాలి. నా కారుకి సీట్ల వెనక 6 వోల్టుల బ్యాటరీలు రెండున్నాయి. కనబడవు కాబట్టి వాటిని మరచిపోయేవారే ఎక్కువ.

2021 సెప్టెంబరు నుంచి గ్రేట్ బ్రిటన్‌లో మామూలు పెట్రోలు ఈ10 అయింది. అందులోని ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. నేను సూపర్ రకం ఈ5 పోయిస్తాను. వాల్వు సీట్లు గట్టివి వేయించని ఇంజనుకు సీసం బదులుగా కలిపే మందు కూడా అవసరం.

నడిపేటప్పుడు

పవర్ స్టీరింగ్ లేదు. పార్కింగులో చేతులు నొప్పెడతాయి, కదిలాక హాయిగా ఉంటుంది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు లేవు కనుక ముందు బండికి బాగా ఎడం ఉంచండి. టాపు తడిగా ఉంటే మడవవద్దు, బూజు పడుతుంది. చలిలో వెనక ప్లాస్టిక్ కిటికీ పగిలే ప్రమాదం ఉంది.

చట్టం

2018 మే 20 నుంచి, 40 ఏళ్లు దాటి, గత 30 ఏళ్లలో పెద్ద మార్పులు చేయని కార్లకు ఇంగ్లండు, స్కాట్లండు, వేల్స్‌లో ఏటా ఎమ్‌ఓటీ పరీక్ష అక్కరలేదు. రోడ్డు పన్ను కూడా దరఖాస్తు చేసుకుంటే సున్నా. అంతమాత్రాన బాధ్యత తీరలేదు. ప్రమాదకరమైన స్థితిలో ఉన్న కారు నడిపితే 2,500 పౌండ్ల దాకా జరిమానా, 3 పాయింట్లు పడవచ్చు. నేను మాత్రం ఏటా డబ్బు కట్టి పరీక్ష చేయిస్తూనే ఉన్నాను. ఆ రోజు కారు అడుగుభాగాన్ని తెలిసినవాళ్లు చూస్తారు. నాకు కావలసింది అదే.

ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు కారు విలువ ఎంతో ముందే ఒప్పుకుని రాసిచ్చే పాలసీ అడగండి. ఇక కొన్నాక షెడ్డులో దాచి చూసుకోకండి. కదలని కారులో బ్రేకులు పట్టేస్తాయి, సీళ్లు ఎండిపోతాయి. పొడి రోజు చూసుకుని, నెలకు రెండుసార్లయినా ఇంజను బాగా వేడెక్కేదాకా నడపండి.