స్కాన్‌లో బయటపడ్డ బిళ్ళలు

పిల్లల కడుపులో బిళ్ళలు కట్టాయని, అంటే లింఫ్ గ్రంథులు వాచాయని, స్కాన్ రిపోర్టు వస్తే ఇంటిల్లిపాదికీ క్షయ భయం పట్టుకుంటుంది. ఆ భయానికి పాత కారణాలున్నాయి. కానీ వాపు ఒక జాడ మాత్రమే. దేని జాడ అన్నది విడిగా తేల్చుకోవాలి. ఉదాహరణకు, దుమ్ముగూడెం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టిన పందొమ్మిదో శతాబ్దంలో భద్రాచలం మన్యాన్ని పీడించింది చలిజ్వరం. పిల్లల ఉబ్బిన పొట్ట తడిమితే చేతికి తగిలేది బల్ల, అంటే వాచిన ప్లీహం. 1840ల్లో డెంప్‌స్టర్ అనే వైద్యుడు యమునా కాలువల వెంట పిల్లల బల్లలు చూసే జ్వరాల తీవ్రతను లెక్కగట్టాడు. పేగుల్ని పట్టి ఉంచే పొరలోని గ్రంథులు అంత తేలిగ్గా చేతికి చిక్కవు.

ఐరోపా వైద్యులు వాటిని ఎక్కువగా చూసింది చనిపోయిన బిడ్డల శవపరీక్షల్లో, క్షయతో గట్టిపడిన స్థితిలో. పచ్చిపాలతో పశువుల క్షయ పేగుల్లోకి చేరేది. 1882లో క్షయ క్రిమిని కనిపెట్టిన కోఖ్, 1901లో లండన్ సభలో పశువుల క్షయతో మనుషులకు పెద్ద ముప్పు లేదన్నాడు. పదేళ్ళ విచారణ తర్వాత 1911లో బ్రిటన్ రాయల్ కమిషన్ ఆ మాట తప్పని తేల్చింది. 1921లో షికాగో పిల్లల వైద్యుడు బ్రెన్నెమాన్, గొంతు వాపుతో పాటు వచ్చే కడుపునొప్పి గురించి రాశాడు. అపెండిక్స్ చెడిందనుకుని పొట్ట కోసిన సర్జన్లకు అది శుభ్రంగా ఉండి, పక్కన గ్రంథులు వాచి కనిపించేవి. అలాంటి వాపు చాలావరకు దానంతటదే తగ్గేది. 1986లో డచ్ వైద్యుడు పాయలార్ట్ పొట్టను మెల్లగా నొక్కుతూ స్కాన్ చేసే పద్ధతిని వివరించాక కత్తి పెట్టకుండానే లోపల చూడటం సాధ్యమైంది. అప్పుడు తెలిసింది, 5 మిల్లీమీటర్ల గ్రంథులు మామూలు పిల్లల్లోనూ తరచూ ఉంటాయని. 8 మిల్లీమీటర్లను హద్దుగా తీసుకోవాలన్న సూచన 2005లో వచ్చింది.

క్షయ ఇంతగా ఉన్న దేశంలో, ఆస్పత్రికి మళ్ళీ వస్తారో రారో తెలియని అడవి అంచు ఊళ్ళలో, అనుమానం మీదే క్షయ మందులు మొదలుపెడితే తప్పేమిటని అడగవచ్చు. ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం. అయితే ఆ మందులు కనీసం ఆరు నెలలు వాడాలి, కాలేయాన్ని దెబ్బతీయగలవు. గ్రంథులు వాచింది టైఫాయిడ్ వల్ల అయితే ఈలోగా అది ముదురుతుంది. పైగా కడుపు క్షయ సాధారణంగా ఇతర ఆనవాళ్ళూ చూపిస్తుంది: వారాల తరబడి జ్వరం, తగ్గే బరువు, ఒకదానికొకటి అతుక్కున్న గ్రంథులు, పొట్టలో నీరు, ఇంట్లో మరో క్షయ రోగి. ఇవి ఉంటే పరీక్షల్లో ఒక్కరోజు జాప్యమూ తగదు. ఇవేవీ లేక బిడ్డ ఆడుకుంటూ తింటుంటే, కొన్ని వారాలాగి మళ్ళీ చూపించాలి. అంగన్‌వాడీలో నెలనెలా తూచే బరువు ఆ నిర్ణయానికి మంచి ఆధారం. నొప్పి కుడివైపు కిందికి దిగి, వాంతులై, పొట్ట ముట్టుకోనివ్వకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా భద్రాచలం ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.