పరాసువారి ఉల్లిచారు

ఆలమూరు సీమను దాటిన గౌతమి సముద్రమును జేరుటకు ముందు యానాము నొరసికొని పోవును. అచ్చట 1723లో పరాసువారు, అనగా ఫ్రెంచివారు, వర్తకస్థానము నెలకొల్పిరి. నడుమ విడిచిపోయియు, ఆంగ్లేయులకు గోల్పోయియు, మరల జేజిక్కించుకొని 1954 వఱకు నిలిచిరి. ఇంతకాలము మనకు పొరుగున నున్న యా జాతివారి వంటకములలో లోకప్రసిద్ధమైనది ఉల్లిచారు. దాని చరిత్రను, చేయు విధమును నేడు విన్నవించెదను. ఉల్లి వాడని యిండ్లవారు కథతోడనే తృప్తి పడుదురుగాక!

పరాసువారు యానామునకు వచ్చిననాడు వారి రాజు పదునైదవ లూయీ. అతనికి పిల్లనిచ్చిన మామగారు స్టానిస్లాసు. పోలెండు సింహాసనమును గోల్పోయిన యీయన ప్రయాణములో నొక పూటకూళ్ళ యింట ఈ చారును రుచిచూచి, వంటవానికడ నేర్చికొనువఱకు కదలక, పిమ్మట దానిని రాజనగరునకు గొనిపోయెనట! కథ యింపుగానే యున్నది. కాని లా వరెన్ అను వంటవాడు 1651లో అచ్చువేయించిన పాకగ్రంథమున ఉల్లిచారు అప్పటికే యున్నది. స్టానిస్లాసు పుట్టినది 1677లో. ఆయనకంటె 26 ఏండ్లు ముందే యీ వంట అచ్చులో నున్నదన్నమాట! పేదవాని కూటికి రాజముద్ర పడనిదే గౌరవము రాదనుకొనుట అన్నిదేశములందును గల బలహీనతయే.

లా వరెన్ విధానము మిక్కిలి సామాన్యము. ఉల్లిని పలుచగా దఱిగి, వెన్నలో వేయించి, నీళ్లుగాని బఠాణీలుడికిన కట్టుగాని పోసి మరిగించి, రొట్టెముక్క వేసి, తుదకు పులుపుచుక్క కలుపుట. అందు మాంసరసము లేదు, చీజు లేదు. ఆ హంగులతో నీ చారు పందొమ్మిదవ శతాబ్దమున పారిసునగరపు లే హాల్ అంగడి దగ్గఱి పూటకూళ్ళలో పేరుకెక్కినది. రాత్రియెల్ల బరువులు మోసిన కూలీలును, వేడుకలు ముగించుకొని వచ్చిన ధనికులును అచ్చట నదే చారు త్రాగుచుండిరి. అంగడి 1969లో శివారునకు దరలిపోయినది, చారు నిలిచినది.

మన యింట జేయదలచినచో నలుగురికి 750 గ్రాముల ఉల్లిపాయలు, 50 గ్రాముల వెన్న, ఒక లీటరు కందికట్టు చాలును. మందపు గిన్నెలో వెన్న కరగించి, ఉల్లిచీలికలను, ఉప్పును వేసి, సన్నసెగపై గలుపుచుండవలయును. ఉల్లిలో నూటికి సుమారు 89 వంతులు నీరే. అది యిగిరినగాని యందలి తీపి యెఱ్ఱబాఱదు, గంటసేపు పట్టును. తొందరపడి మంట పెంచినచో మాడి చేదగును. బెల్లపు వన్నె వచ్చినపిమ్మట కట్టు పోసి, పావుగంట మరిగించి, మిరియాలపొడియు నిమ్మరసమును చేర్చవలయును. నిన్నటి రొట్టెను పెనముపై గాల్చి గిన్నెలో నుంచి, పైని చారు పోయవలయును. చీజు దొరకిన చల్లవచ్చును. దొరకకున్న లోపము లేదు. ఆ రొట్టె నాని, పండ్లూడిన ముదుసలికి సయితము మెత్తనగును.

రాత్రి మిగిలిన యన్నమును మనము చల్దిచేసి యుల్లిపాయతో దిన్నట్లే, వారును ఎండిన రొట్టెను పాఱవేయక ఉల్లితో రుచిపఱచుకొనిరి. చల్దియన్నము పేదతనమునకు గుఱుతని సిగ్గుపడు మనుమలకు ఈ కథ చెప్పుడు. పరాసువారు తమ పేదకూటిని దాచుకొనలేదు, లోకమునకు వడ్డించిరి.