జనరల్ లెక్కలు

చిన్న మంగళారంలో మా పెద్దమ్మ ఇప్పటికీ పాల లెక్క నోటితోనే కడుతుంది. 1960ల చివర్లో ఆమె హైస్కూలు చదువు నాటికి లెక్కలు రెండు రకాలు: కాంపోజిట్, జనరల్. పై చదువుల్లో ఎం.పి.సి. తీసుకోవాలంటే కాంపోజిట్ చదివుండాలి. ఎనిమిదిలో మంచి మార్కులొచ్చినా, “ఆడపిల్లకు జనరల్ చాలు” అన్నారట సారు. పదమూడేళ్లకే ఆమెకి ఇంజనీరింగు దారి మూసుకుపోయింది.

ఆడపిల్లలకి వేరే పాఠ్యక్రమం అక్కర్లేదని హంసా మెహతా కమిటీ అప్పటికే చెప్పింది. పదో తరగతి దాకా అందరికీ లెక్కలు, సైన్సు తప్పనిసరి చేయాలని 1966లో కొఠారీ కమిషన్ సిఫారసు చేసింది. ఆ మాటలు పెద్దమ్మ బడి దాకా రాలేదు.

తర్వాత ఆ రెండు రకాలూ పోయాయి, వడపోత మిగిలింది. నవోదయ తొమ్మిదో తరగతి ప్రవేశ పరీక్షలో నూటికి 35 మార్కులు లెక్కలవే. నవోదయల్లో కనీసం మూడో వంతు సీట్లు అమ్మాయిలవి. కానీ బడి నుంచి రాగానే బిందె ఎత్తుకునే పిల్లకి లెక్కలు చేసుకునే గంట ఎవరిస్తారు?

నేను సాహిత్యంలో డాక్టరేట్ చేశాను. “నీకిష్టమయ్యే తీసుకున్నవా బిడ్డా?” అని పెద్దమ్మ అడిగింది. అవునన్నాను. ఆమెనా ప్రశ్న ఎవరూ అడగలేదు.