మహమ్మారి కాలపు సంచార నిర్బంధములు - యువజనుల మనఃస్థితి

సాంక్రామిక వ్యాధి ప్రబలినప్పుడు దాని వ్యాప్తిని అరికట్టుటకై ప్రభుత్వములు ప్రజల రాకపోకలపై విధించు కట్టుబాట్లు సంచార నిర్బంధములు. కోవిడ్ కాలమున ‘లాక్‌డౌన్’ అను పేర ఇవి ఇంటింటికిని పరిచితములైనవి. భారతదేశమున 2020 మార్చి 25 నుండి 21 దినములకు విధింపబడిన నిర్బంధము పలుమారులు పొడిగింపబడి మే 31 వరకు సాగెను.

వ్యాధివలని ప్రాణభయము వృద్ధులకు అధికము. నిర్బంధమువలని మనోవ్యథ యువజనులకు అధికము. చదువు ముగించి, కొలువు సంపాదించి, స్నేహములను తామై ఎన్నుకొని, తమ కాళ్లపై తాము నిలువబడవలసిన వయస్సున త్రోవ మూసికొనిపోయినచో, పరీక్ష జరుగునో జరుగదో, చేతికందిన నియామక పత్రము చెల్లునో చెల్లదో తెలియక, వారు పగలు నిద్రించుచు రాత్రులు మేల్కాంచుచు, క్రమముగా ఎవ్వరితోను మాటలాడనొల్లని స్థితికి జారుదురు. కష్టముకంటె, అది ఎన్నాళ్లో తెలియకపోవుటయే మనస్సును కృశింపజేయును.

నిర్బంధపు తొలినాడు హైదరాబాదు నగరమున హాస్టళ్లు ఖాళీ చేయింపబడగా, పోలీసులిచ్చిన అనుమతి పత్రములతో స్వస్థలములకు బయలుదేరిన ఆంధ్ర యువతీయువకులు జగ్గయ్యపేట చెంత రాష్ట్ర సరిహద్దునగల గరికపాడు చెక్‌పోస్టు కడ గంటల తరబడి నిలిచిపోయిరి. వెనుకకు పోయినను గది లేదు, ముందుకు పోవ త్రోవ లేదు. ఇల్లు చేరినవారందరికిని ఇల్లు ఆశ్రయము కాలేదు. తండ్రి కూలి ఆగిపోయి, అన్నదమ్ములందరికి ఒక్కటే ఫోను గల యింట, సిగ్నలు కొరకు మేడపై ఎండలో కూర్చుండి పాఠము వినవలసిన విద్యార్థికి తన దుఃఖమును చెప్పుకొన చోటైనను చిక్కదు. చదువు ఆగిన ఆడపిల్లకు పెండ్లి మాటల భయము అదనము.

2021 అక్టోబరున లాన్సెట్ వైద్య పత్రిక ప్రకటించిన అంచనా ప్రకారము, 2020లో ప్రపంచమున కుంగుబాటు కేసులు సుమారు 5.3 కోట్లు, ఆందోళన రుగ్మతలు 7.6 కోట్లు అదనముగా పెరిగినవి. వ్యాధి తీవ్రతతో పాటు జనసంచారము తగ్గుటయు ఈ వృద్ధితో ముడివడియున్నదనియు, స్త్రీలును యువజనులును మిక్కిలి నలిగిరనియు ఆ అధ్యయనము తెలిపెను. మన దేశమున విద్యార్థుల ఆత్మహత్యలు 2019లో 10,335 కాగా, 2020లో 12,526 అయినట్లు జాతీయ నేర గణాంకముల సంస్థ లెక్కించెను. ఆప్తుల మరణము, దారిద్ర్యము, ఏకాంతము పెనవైచుకొన్న ఆ ఏట ఈ హెచ్చును నిర్బంధమునకే అంటగట్టుట న్యాయము కాదు. నిర్బంధపు పాత్రను విస్మరించుట అంతకంటెను అన్యాయము.

ప్రాణరక్షణకై రాకపోకలు ఆపుట తప్పనిసరియే కావచ్చును. కాని బియ్యము, మందులు సమకూర్చినట్లే, హాస్టలులో నిలువనీడయు, పరీక్షల విషయమున నిశ్చయమును, మాటలాడు తోడును యువజనులకు సమకూర్చుట పాలకుల విధి. ఆనాడు అది చాలినంతగా జరుగలేదు. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి మానస్ అను మానసికారోగ్య ఫోను సేవ నేడు 14416 సంఖ్యపై అహోరాత్రములు ఉచితముగా, తెలుగునను లభించుచున్నది. మనస్సు క్రుంగినవారు సంకోచింపక ఫోను చేయుదురు గాక.