గాయికల మాతృవంశములు

కావ్యావతారికలయందుఁ గవులు తమ వంశమును వర్ణించుకొనుట పూర్వాచారము. గోత్రము, తండ్రితాతల పేరులు, గురుని నామము లేని యవతారిక యరుదు. కవికాలమును నిర్ణయించు చరిత్రకారుఁడు మొదట నాశ్రయించునదియు నీ భాగమునే. అయితే గానవిద్యయే జీవనముగాఁ గల కొన్ని కుటుంబములయందు వంశము తల్లినుండి కూఁతునకు సంక్రమించెను. ఈ యాచారము కొందఱకు వింతగాఁ దోఁచినను శాస్త్రవిరుద్ధము కాదు. పాణిని స్త్రీవాచకములపై నపత్యార్థమున ఢక్ ప్రత్యయమును విధించెను. వినత కొడుకు వైనతేయుఁడు. కుంతి కొడుకు కౌంతేయుఁడు. శబ్దశాస్త్ర మంగీకరించిన మాతృవ్యపదేశమును చరిత్ర యుపేక్షింపఁదగదు.

ఉపేక్షించినచో నేమగునో ముద్దుపళని కథవలనఁ దెలియఁగలదు. తంజాపురమును 1739 మొదలు 1763 వఱకుఁ బాలించిన మహారాష్ట్రప్రభువు ప్రతాపసింహుని యాస్థానమున నామె యుండెను. రాధికాసాంత్వనమను నాలుగాశ్వాసముల శృంగారప్రబంధమును రచించి, దాని యవతారికలోఁ దన వంశమును దాఁపక చెప్పుకొనెను. తన యవ్వయగు తంజనాయకిని గౌరవముతోఁ బేర్కొనెను. పురుషకవులు తాతముత్తాతలను స్తుతించిన స్థానముననే యామె విద్యావతియగు నవ్వను నిలిపినది.

1887లో బ్రౌనుదొర యనుయాయియగు పైడిపాటి వేంకటనరసు ఈ గ్రంథమును ముద్రించినపుడు అవతారికయుఁ గొన్ని పద్యములును లోపించినవి. తత్ఫలముగాఁ గవయిత్రి యెవరో, ఏ కులమున జనించినదో పాఠకులకుఁ దెలియకపోయెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రమున నామె పాండిత్యము నంగీకరించియు, గ్రంథములోని శృంగారము స్త్రీముఖమున రాఁదగినది కాదని గర్హించిరి.

ఆ లోపమును దీర్చినది మఱియొక గాయికయే. బెంగుళూరు నాగరత్నమ్మ 1878లో మైసూరు సంస్థానమందలి నంజనగూడునఁ బుట్టలక్ష్మికి జనించెను. తండ్రి పోషణ చిరకాలము నిలువలేదు. బిడ్డ చదువు తల్లి పట్టుదలచేతనే సాగెను. బాల్యముననే సంస్కృతమును, కన్నడాంధ్రములను, సంగీతమును నభ్యసించెను. బెంగుళూరున మునిస్వామప్పవలన త్యాగరాజకృతుల పాఠము లభించెను. యౌవనారంభముననే తల్లి గతించెను. పిమ్మట మైసూరులోఁ గీర్తిఁ గాంచి చెన్నపురిఁ జేరెను.

రాధికాసాంత్వనపు మొదటి ముద్రణమును వ్రాఁతప్రతితోఁ బోల్చిచూచి, విడువఁబడిన భాగములను జేర్చి, యామె 1910లో వావిళ్లవారిచేఁ బ్రకటింపించెను. పురుషుల కావ్యములందు సహింపఁబడిన శృంగారము స్త్రీకావ్యమునందు మాత్రమే దోషమెట్లగునని తన పీఠికలోఁ బ్రశ్నించెను. మఱుసటి యేడు ప్రభుత్వము గ్రంథమును నిషేధించెను. స్వాతంత్ర్యసిద్ధికి ముందు టంగుటూరి ప్రకాశముగారి ప్రభుత్వకాలమున నిషేధము తొలఁగి, 1952లో వావిళ్లవారు పునర్ముద్రించిరి. ఆ సంవత్సరముననే నాగరత్నమ్మ పరమపదించెను.

తిరువయ్యారున త్యాగరాజసమాధికి ఆలయము కట్టించుటకుఁ దన సంపాదనమును ధారపోసినదియు నామెయే. ఆ పుణ్యస్థలమున జరుగు నారాధనలో స్త్రీలు పాడుటకుఁ జాలకాలము వీలులేకుండెను. తల్లి విద్యచేఁ బెరిగిన కూఁతురు స్త్రీల గానాధికారమునకై తుదివఱకుఁ బాటుపడెను.

ఇట్టి పరంపర మఱియొక యింటఁ గూడఁ గానవచ్చును. చెన్నపురియందు వీణ ధనమ్మాళ్ (1867-1938) తల్లి సుందరమ్మాళ్ గాయిక. మాతామహి కామాక్షి నర్తకి. ధనమ్మాళ్ దౌహిత్రి నాట్యవిదుషి బాలసరస్వతి (1918-1984). క్షేత్రయ్యపదములు ఈ యింట నవ్వలనుండి మనుమరాండ్రకు గురుముఖముగా సంక్రమించెను. మువ్వగోపాలపదములు తమిళదేశమున నేఁటికి నిలిచియుండుటకు ఈ మాతృపరంపర ముఖ్యకారణము.

పై నిదర్శనములనుబట్టి యొక విషయము స్పష్టము. గాయికల జన్మవృత్తాంతము సిగ్గుచేత దాఁపవలసిన యంశము కాదు. అది వారి గురుపరంపర. తల్లి యొడియే తొలిపాఠశాల యైన చోటఁ దల్లిపేరు తుడిచివేసినచో విద్య యెచ్చటనుండి వచ్చెనో చెప్పుట కాధారముండదు. కాఁబట్టి పరిష్కర్తలు తమ కిష్టములేని పద్యములున్నను నవతారికను సమగ్రముగా ముద్రింపవలెను. కవితపైఁ దీర్పు పాఠకులది. వంశపత్రము చరిత్ర సొత్తు.