వెరైటీ వేదిక నుండి వెండితెరకు

రేడియో మీట త్రిప్పుచు, గరగర శబ్దముల నడుమ కోరిన కేంద్రమునకై వెదకుట మనమందరము ఎరిగినదే. ఇట్టి అవస్థనే హాస్యవస్తువుగా గైకొని 1930లో ఇంగ్లండున ఒక చలనచిత్రము వెలువడెను. దాని పేరు “ఎల్‌స్ట్రీ కాలింగ్”. లండనుకు ఉత్తరమున నున్న ఎల్‌స్ట్రీలో బ్రిటిష్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ వారు దీనిని నిర్మించిరి.

ఆ కాలపు స్థితిని కొంత తెలిసికొందము. ఇంగ్లండులో సామాన్యుల వినోదమునకు మ్యూజిక్ హాళ్లు, వాని వారసులైన వెరైటీ నాటకశాలలు నెలవులు. గాయకులు, హాస్యకారులు, నర్తకులు, గారడీవారు ఒకరి వెంట ఒకరు వచ్చి తమ అంశములను ప్రదర్శించెడివారు. ఒకే అంశమును ఊరూర ప్రదర్శించి ఏండ్ల తరబడి జీవించిన కళాకారులు కలరు. 1922లో బి.బి.సి. వెలసినది. ఒక్క రాత్రిలో దేశమంతయు వినిన హాస్యమునకు మరునాడు టిక్కెట్టు కొనువారెవ్వరు? ఈ భయముచే పలువురు నాటకశాలల యజమానులు తమ కళాకారులను ప్రసారములకు పోనీయకుండిరి. అంతలోనే టాకీ వచ్చిపడినది. 1929లో అమెరికాలో పాటలు, ఆటలు కూర్చిన “హాలీవుడ్ రెవ్యూ” వెలువడగా, ఎల్‌స్ట్రీ వారు తమ వెరైటీ కళాకారులను కెమెరా ముందు నిలిపిరి.

ప్రధాన దర్శకుడు ఏడ్రియన్ బ్రూనెల్. కొన్ని భాగములను ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసెను. కథ స్వల్పము. టామీ హాండ్లీ ఒక్కొక్క అంశమును పరిచయము చేయును. సిసిలీ కోర్ట్‌నిడ్జ్, జాక్ హల్బర్ట్ దంపతులు, స్కాట్లండు హాస్యకారుడు విల్ ఫైఫ్, స్థూలకాయుడైన జైలోఫోన్ వాదకుడు టెడ్డీ బ్రౌన్ కనిపింతురు. షేక్‌స్పియరును వినిపింపవలెనని డోనాల్డ్ కాల్త్రాప్ పదేపదే పూనుకొని భంగపడును. ఇదంతయు టెలివిజన్ ప్రసారమని కల్పన. గార్డన్ హార్కర్ ధరించిన పాత్ర మాత్రము ఇంట తన యంత్రముతో కుస్తీ పట్టుచు, కార్యక్రమమును చూడజాలక వగచును.

ఆనాటికి ఇది వట్టి ఊహ కాదు. 1929 సెప్టెంబరు 30న బెయిర్డ్ టెలివిజన్ ప్రయోగ ప్రసారములు బి.బి.సి. ప్రసారిణి ద్వారా ఆరంభమైనవి. బొమ్మలో నున్నవి ముప్పది గీతలు మాత్రమే. 1930 మార్చి చివరివరకు చిత్రమును, శబ్దమును ఒకేసారి పంపుటకైనను వీలు లేకుండెను.

హిచ్‌కాక్ తరువాతి కాలమున ఈ చిత్రమును తీసిపారవేసెను. దర్శకుని దృష్టితో అది న్యాయమే కావచ్చును. కాని 1882లో జన్మించిన లిలీ మోరిస్ పాట పాడు తీరును, ముఖభంగిమలను నేడును మనము చూడగలుగుట ఇట్టి చిత్రముల వలననే. లేనిచో అవి పెద్దలు చెప్పగా వినిన మాటలై మిగిలెడివి. పల్లవిని కలిసి పాడెడి ప్రేక్షకుల హోరు మాత్రము ఇందు లేదు. ఆ లోటును మనము మరువరాదు.

రేడియో హాస్యమును చంపునన్న భయమునకు హాండ్లీయే సమాధానమైనాడు. 1939 మొదలు 1949 జనవరిలో తాను మరణించువరకు “ఇట్మా” కార్యక్రమము ద్వారా, యుద్ధకాలమునందును ఆయన శ్రోతలను నవ్వించెను. వెరైటీ నాటకశాలలు 1950ల నుండి వరుసగా మూతపడుటకు ఒక ప్రధాన కారణము టెలివిజన్. హార్కర్ బాగుచేయలేకపోయిన ఆ పెట్టెయే చివరకు చక్కగా పనిచేసి, ఆ నాటకశాలలను ఖాళీ చేసినది.